ట్యూషన్ టీచరా, క్లాస్ టీచరా: మీ పిల్లలకు ఇప్పుడు ఎవరి సాయం కావాలి?

మార్కులు తగ్గగానే చాలా ఇళ్లలో ముందు వినిపించే మాట "ట్యూషన్ పెట్టిద్దాం". ఎందుకు తగ్గాయన్న ప్రశ్న తర్వాత వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. సరైన సమయంలో దొరికిన మంచి ట్యూషన్ టీచరు ఒక పిల్లవాడి చదువును గట్టెక్కించగలరు, అందులో నాకు సందేహం లేదు. కానీ క్లాసులో నలభై మందికి చెప్పే టీచరూ, పక్కన కూర్చుని ఒక్కరికే చెప్పే టీచరూ చేసే పని ఒకటి కాదు. పుస్తకం ఒకటే, సిలబస్ ఒకటే కాబట్టి ఒకటే పనిలా కనిపిస్తుంది. ఆ తేడా తెలుసుకోకుండా ట్యూషన్ పెట్టిస్తే డబ్బు పోతుంది, పిల్లల సాయంత్రాలు పోతాయి, రాని లెక్క మాత్రం రాకుండానే ఉంటుంది.

ఒక తీసివేత దగ్గర

503లోంచి 278 తీసేయమంటే ఒక పాప 375 అని రాసిందనుకోండి. సరైన జవాబు 225. ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి పక్కకు పెట్టేయడం తేలిక. కాస్త ఆగి ఆ పాప ఏం చేసిందో చూడండి. ఒకట్ల స్థానంలో పైన 3, కింద 8 ఉన్నాయి. 3లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 3 తీసి 5 వేసింది. పదుల స్థానంలో పైన 0, కింద 7. అక్కడ కూడా అలాగే 7 వేసింది. వందల్లో 5లోంచి 2 పోతే 3. మొత్తం 375.

అంటే తీసివేత ఆ పాపకు బొత్తిగా రాదని చెప్పలేం. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయాలని తనకు తానే ఒక సూత్రం తయారు చేసుకుంది, దాన్ని ప్రతిసారీ శ్రద్ధగా పాటిస్తోంది. అదే సూత్రంతో 586లోంచి 243 తీసేస్తే 343 వస్తుంది. అది సరైన జవాబే! అందుకే పదింటిలో కొన్ని కరెక్టు, కొన్ని తప్పు అవుతాయి. చూసేవాళ్లకు "వచ్చిన లెక్కే, అజాగ్రత్తగా చేస్తోంది" అనిపిస్తుంది. ఇంట్లో తిట్లు కూడా పడతాయి. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు 1978లో ఇలాంటి తప్పుల మీదే ఒక వ్యాసం ప్రచురించారు. పైకి అజాగ్రత్తలా కనిపించే తప్పుల్లో చాలావాటి వెనక ఇలాంటి స్థిరమైన తప్పుడు పద్ధతి ఒకటి ఉంటుందని అందులో చూపించారు.

ఇప్పుడు ఇద్దరు టీచర్ల సంగతి చూద్దాం. క్లాస్ టీచరు ముందు నలభై నోటుపుస్తకాలుంటాయి. ఒక్కో దాంట్లో పది లెక్కలనుకుంటే నాలుగు వందల జవాబులు. ప్రతి తప్పు దగ్గరా ఆగి దాని వెనక ఏముందో ఆలోచించే తీరిక ఆవిడకు ఉండదు. పక్కన కూర్చున్న ట్యూషన్ టీచరుకు ఉంటుంది. "ఇదెలా చేశావో చెప్పు" అని అడిగి, పాప చెప్పేదాకా ఆగితే రెండు నిమిషాల్లో విషయం బయటపడుతుంది.

అయితే అనుభవమున్న క్లాస్ టీచరు ఈ తప్పును ఇంతకుముందు చాలామంది పిల్లల్లో చూసి ఉంటారు. కావాలనే సున్నా ఉన్న లెక్క ఒకటి పరీక్షలో పెట్టి, ఎవరెవరు ఈ సూత్రం పట్టుకుని వేలాడుతున్నారో ఒక్కసారే తెలుసుకుంటారు. ఒక్క పిల్లవాడినే చూసే ట్యూషన్ టీచరు, పైగా అనుభవం తక్కువైతే, ఆ తప్పును మొదటిసారి చూస్తుండొచ్చు. ఒకరికి పిల్లవాడు దగ్గర, మరొకరికి తప్పు పాత పరిచయం. రెండింటికీ విలువ ఉంది.

క్లాసులో మాత్రమే దొరికేవి

ట్యూషన్ గురించి మాట్లాడేటప్పుడు క్లాసును తక్కువ చేయడం అలవాటైపోయింది. "అంతమందిలో మావాడిని ఎవరు పట్టించుకుంటారు" అంటారు. అందులో నిజముంది. కానీ క్లాసు ఇచ్చేవి కొన్ని ఇంట్లో ఎంత ఖర్చు పెట్టినా దొరకవు.

మొదటిది వరస. భిన్నాల తర్వాత నిష్పత్తులు, ఆ తర్వాత శాతాలు, వాటి మీద వడ్డీ లెక్కలు. దేని మీద ఏది నిలబడుతుందో చూసుకుని క్లాస్ టీచరు ఏడాది మొత్తానికి పాఠాలు అమర్చుకుంటారు. ట్యూషన్ టీచరు సాధారణంగా మధ్యలో వస్తారు. రేపటి హోంవర్కు, వచ్చే వారం పరీక్ష చుట్టూనే ఆయన పని తిరుగుతుంది. ఏడాది చివరికి పిల్లవాడు ఎక్కడ ఉండాలన్న చిత్రం ఆయన దగ్గర లేకపోతే ఆ పని రోజు గడుపుకోవడంగా మిగిలిపోతుంది.

రెండోది తోటి పిల్లలు. తనకు డౌట్ ఉందని కూడా తెలియని పిల్లవాడు, పక్కవాడు అడిగిన ప్రశ్నతో ఉలిక్కిపడి తనదీ అదే డౌటని గుర్తిస్తాడు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో దీన్నే ఒక బోధన పద్ధతిగా మలిచారు. ఒక ప్రశ్న ఇస్తారు. ముందు ఎవరి జవాబు వాళ్లు చెప్పాలి. తర్వాత పక్కవాళ్లతో వాదించుకుని మళ్లీ జవాబు చెప్పాలి. రెండోసారి సరైన జవాబులు చెప్పేవాళ్లు పెరిగారు. నిన్ననే అర్థం చేసుకున్నవాడికి తాను ఎక్కడ ఇరుక్కున్నాడో ఇంకా గుర్తుంటుంది, అందుకే పక్కవాడికి బాగా చెప్పగలుగుతాడు. ఎప్పుడో నేర్చుకున్న పెద్దవాళ్లు ఆ ఇబ్బందిని మరిచిపోతారు.

మూడోది, నా దృష్టిలో చాలా ముఖ్యమైనది, వెంటనే సాయం దొరకకపోవడం. క్లాసులో చెయ్యెత్తితే టీచరు మన దగ్గరికి వచ్చేసరికి కొంత సమయం పడుతుంది. ఆ కాసేపూ పిల్లవాడు ఒంటరిగా లెక్కతో కుస్తీ పడతాడు. సగంసార్లు టీచరు వచ్చేలోపే దారి దొరుకుతుంది. ఎప్పుడూ పక్కన ఒకరు ఉండే ట్యూషన్‌లో ఆ కుస్తీ జరగదు.

ఇంకొకటి కూడా ఉంది. క్లాస్ టీచరు మీ బిడ్డను అదే వయసు పిల్లల మధ్య చూస్తారు. బోర్డు చూడటానికి కళ్లు చిట్లిస్తున్నాడా, స్నేహితులతో మాట్లాడటం మానేశాడా, పుస్తకం గట్టిగా చదవమంటే ఏదో వంక పెట్టి తప్పించుకుంటున్నాడా అన్నవి ఆవిడకే ముందు కనిపిస్తాయి. మార్కులు తగ్గడానికి కారణం చాలాసార్లు ఇలాంటిదే అవుతుంది. కళ్లజోడు అవసరమైన పిల్లవాడికి ట్యూషన్ పెట్టించి ఏం లాభం?

ట్యూషన్ బలం ఎంత?

ఒక్కరికి ఒక్కరు చెప్పే చదువు గురించి ఎక్కువగా వినిపించే అంకె అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ 1984లో ప్రచురించిన వ్యాసంలోది. ట్యూటర్ దగ్గర నేర్చుకున్న సగటు విద్యార్థి, మామూలు క్లాసులో చదివినవారిలో 98 శాతం మంది కన్నా మెరుగ్గా చేశాడని అందులో ఉంది. ట్యూషన్ ప్రకటనలకు ఇంతకన్నా మంచి వాక్యం దొరకదు. కానీ ఆ ప్రయోగాలు జరిగింది కొద్ది వారాలే. పైగా ట్యూటర్ దగ్గర నేర్చుకున్న పిల్లలకు మరో నియమం ఉంది: ఒక పాఠం పూర్తిగా వచ్చిందని పరీక్షలో తేలాకే తర్వాతి పాఠానికి వెళ్లాలి. కాబట్టి ఆ ఫలితంలో ట్యూటర్‌కు ఎంత వాటా, ఆ నియమానికి ఎంత వాటా అన్నది విడదీసి చూడాలి.

తర్వాత వచ్చిన లెక్కలు నేలమీద ఉన్నాయి. 2011లో కర్ట్ వాన్‌లెన్ చేసిన సమీక్ష ప్రకారం, 100 మందిలో సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి మంచి ట్యూటరింగ్‌తో సుమారు 78 మంది కన్నా ముందుకు వెళ్లగలడు. 2020లో 96 ప్రయోగాలను కలిపి చూసిన మరో సమీక్షలో ఇది సుమారు 64 మంది దగ్గర ఆగింది. చదువులో ఇది చిన్న లాభమేమీ కాదు, కానీ మాయ కూడా కాదు. ఆ 2020 సమీక్షలో తల్లిదండ్రులకు పనికొచ్చే విషయాలు ఇంకొన్ని ఉన్నాయి. బోధన వృత్తిలో ఉన్నవాళ్లు, శిక్షణ పొందిన సహాయకులు చెప్పిన ట్యూషన్ ఎక్కువ ఫలితమిచ్చింది. స్వచ్ఛంద కార్యకర్తలు, తల్లిదండ్రులు చెప్పినది అంతగా ఇవ్వలేదు. చిన్న తరగతుల్లో లాభం ఎక్కువ. బడి వేళల్లో జరిగినది, బడి అయ్యాక జరిగినదానికన్నా బాగా పనిచేసింది. రోజంతా బడిలో కూర్చుని అలసిపోయిన పిల్లవాడిని మళ్లీ పుస్తకం ముందు కూర్చోబెట్టే ముందు ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి.

ట్యూషన్ అసలు బలం ఎక్కడుందో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో చేసిన పరిశీలనలు చెబుతాయి. క్లాసులో టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున సుమారు 1 సెకను మాత్రమే ఆగుతున్నారని ఆవిడ గమనించారు. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, "తెలియదు" అనడం తగ్గింది, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. ట్యూషన్‌లో 3 సెకన్లేం ఖర్మ, 3 నిమిషాలు కూడా ఆగొచ్చు. తొందరపెట్టే పక్కవాళ్లు లేరు, నవ్వేవాళ్లు లేరు. సిగ్గుపడే పిల్లలకు ఇది పెద్ద ఊరట. రెండేళ్ల కిందటి పాఠం రాదని నలుగురిలో ఒప్పుకోలేని పిల్ల, ఒక్కరి ముందు ఒప్పుకోగలదు.

పెన్సిల్ ఎవరి చేతిలో ఉంది?

ఇక్కడే ట్యూషన్లు ఎక్కువగా చెడిపోతాయి. పిల్లవాడు ఆగిపోతాడు. ట్యూషన్ టీచరు "ఇలా ఇవ్వు" అని పెన్సిల్ తీసుకుని మూడు లైన్లు రాసేస్తారు. "అర్థమైందా?" అంటారు. పిల్లవాడు తలూపుతాడు. నోటుబుక్కు నిండుతుంది, హోంవర్కు పూర్తవుతుంది, అమ్మానాన్నలకు తృప్తి. పరీక్షహాల్లో పెన్సిల్ తీసుకునేవాళ్లు ఉండరు.

మిషెలిన్ చీ బృందం 2001లో ప్రచురించిన ప్రయోగంలో ట్యూటర్లకు ఒక కట్టడి పెట్టారు. వివరించకూడదు, తప్పో ఒప్పో చెప్పకూడదు, "ఇంకా చెప్పు", "ఎందుకలా?" లాంటి మాటలతో పిల్లల చేత మాట్లాడించాలి, అంతే. అలా నేర్చుకున్నవాళ్లు, ట్యూటర్లు మామూలుగా వివరించి చెప్పినవాళ్లతో సమానంగా నేర్చుకున్నారు. ట్యూటర్ గొప్పగా వివరిస్తారా లేదా అన్నదానికన్నా, ఆ గంటలో ఆలోచించే పని ఎవరు చేస్తున్నారన్నదే ఎక్కువ తేడా తెస్తుందని నేను గట్టిగా నమ్మడానికి ఇదో కారణం.

"ట్యూషన్‌లో అన్నీ చెబుతాడు, పరీక్షలో మరిచిపోతాడు" అన్న ఫిర్యాదు వెనక కూడా ఇలాంటి సంగతే ఉంది. రోడిగర్, కార్పిక్ 2006లో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. చెప్పిన వెంటనే అడిగితే ఎవరైనా చెబుతారు. మంచి ట్యూషన్ టీచరు పోయిన వారం చెప్పినది ఈ వారం మొదటి పది నిమిషాల్లో పుస్తకం తెరవకుండా అడుగుతారు.

ఎప్పుడు ఎవరు?

పునాదిలో పగులు ఉంటే ట్యూషన్‌కు తిరుగులేదు. జబ్బు చేసి రెండు నెలలు బడి పోయింది, బడి మారాడు, మాధ్యమం మారింది, కింది తరగతిలో భిన్నాలు ఎక్కలేదు. ఇలాంటప్పుడు క్లాస్ టీచరు మిగతా పిల్లల్ని ఆపి వెనక్కి వెళ్లలేరు. వెనక్కి వెళ్లే వీలున్నది ట్యూషన్ టీచరుకే. అయితే ఆయన నిజంగా వెనక్కి వెళ్లాలి. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఐదో తరగతి లెక్కలు చేయిస్తుంటే "ఇదేంటండీ" అని తల్లిదండ్రులు కంగారుపడతారు. పడొద్దు, ఆయన సరైన పనే చేస్తున్నారు.

అన్ని సబ్జెక్టుల్లోనూ ఒకేసారి తగ్గితే ట్యూషన్ ఆలోచన పక్కన పెట్టండి. నిద్ర, ఆరోగ్యం, బడిలో వేధింపులు, ఇంట్లో గొడవలు, ఫోను వీటిలో ఏదో ఒకటి ఉండొచ్చు. ముందు క్లాస్ టీచరుతో, పిల్లవాడితో మాట్లాడాలి.

వయసుకు తగ్గట్టు చదవలేకపోతే, ఎంత నేర్పినా అక్షరాలు తారుమారవుతుంటే, డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) లాంటి ఇబ్బంది ఉందేమో నిపుణులకు చూపించాలి. మామూలు ట్యూషన్ అదే పద్ధతిని ఇంకా ఎక్కువసేపు చేయించి పిల్లవాడికి చదువంటేనే విరక్తి పుట్టిస్తుంది.

క్లాసులో చాలామందికి అదే పాఠం అర్థం కాకపోతే లోపం మీ పిల్లవాడిది కాదు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి వెళ్లి టీచరుతో మర్యాదగా మాట్లాడితే ఆవిడ పాఠం మళ్లీ చెప్పే అవకాశం ఉంది. విడివిడిగా అందరూ ట్యూషన్లు పెట్టించుకుంటే ఆ పాఠం ఎక్కలేదన్న కబురే ఆవిడకు చేరదు.

బాగా చదివే పిల్లలకు ఇంకా ముందుకు వెళ్లాలన్న ఆకలి ఉంటే, ఆ సబ్జెక్టు మీద ప్రేమున్న ఒక్కరు దొరికితే మంచిదే. సిలబస్ ముందే పూర్తిచేయించే ట్యూషన్ మాత్రం వద్దంటాను. తెలిసిన పాఠమే మళ్లీ వింటూ పిల్లవాడు క్లాసులో విసుగుపడతాడు.

"అందరూ వెళ్తున్నారు" అన్నది మాత్రం కారణం కిందకు రాదు. ఆ ఒత్తిడి ఎంత బలమైందంటే దక్షిణ కొరియా 1980లో ప్రైవేటు ట్యూషన్లను ఏకంగా నిషేధించింది. అయినా అవి చాటుగా సాగాయి. 2000లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. ప్రభుత్వాలకే లొంగనిది మనకు లొంగుతుందా అనిపించొచ్చు. కానీ మన ఇంట్లో నిర్ణయం మన పిల్లవాడి నోటుపుస్తకం చూసి తీసుకోవచ్చు.

ముందు క్లాస్ టీచరును కలవండి

ట్యూషన్ కోసం వెతికే ముందు పది నిమిషాలు క్లాస్ టీచరు దగ్గర కూర్చోండి. "మావాడు ఎలా చదువుతున్నాడండీ?" అని అడిగితే "పర్వాలేదు, ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి" అనే వస్తుంది. ఆవిడ తప్పు కాదు, ప్రశ్నకు తగ్గ జవాబు అది. పరీక్ష పేపరు పట్టుకెళ్లి, "ఏ పాఠం నుంచి వెనకబడ్డాడు? ఈ తప్పులన్నీ ఒకే రకంగా ఉన్నాయా? ఒక్కటి సరిచేయాలంటే దేంతో మొదలుపెట్టమంటారు?" అని అడగండి. వచ్చిన జవాబు రాసుకోండి. ట్యూషన్ అవసరమని తేలితే ఆ కాగితమే ట్యూషన్ టీచరుకు ఇవ్వాల్సింది.

క్లాస్ టీచరే ట్యూషన్ చెబుతానంటే? పిల్లవాడి గురించి అంతా తెలిసినవాళ్లు కదా అనిపిస్తుంది. కానీ మార్కులు వేసే చేయి, ఫీజు తీసుకునే చేయి ఒకటైతే తక్కిన పిల్లలకు అన్యాయం జరిగే ప్రమాదముంది, మీ పిల్లవాడి మార్కులు నిజమైనవేనా అన్నది మీకూ తెలియదు. మీ దగ్గర నిబంధనలు ఒప్పుకున్నా నేనైతే వేరొకర్ని చూసుకోమంటాను.

ట్యూషన్ టీచరును ఎంచుకునేటప్పుడు డిగ్రీల కన్నా మొదటి క్లాసు ఎక్కువ చెబుతుంది. ఒకరోజు పాఠం చెప్పమని, కాస్త దూరంలో కూర్చుని చూడండి. పిల్లవాడి పాత నోటుపుస్తకం అడిగారా? తప్పు చూడగానే సరిదిద్దారా, ఎలా చేశావని అడిగారా? ఆ గంటలో ఎవరి గొంతు ఎక్కువ వినిపించింది? "మీవాడి సంగతి నాకు వదిలేయండి, నెలలో ఫస్ట్ ర్యాంకు" అన్నవాళ్లకన్నా, "రెండు మూడు రోజులు చూసి ఎక్కడ ఇబ్బందో చెబుతాను" అన్నవాళ్లు మేలు. చిన్న పిల్లలైతే పాఠం పెద్దవాళ్లకు కనిపించే చోటే జరగాలి, తలుపులు తెరిచే ఉండాలి. ఆన్‌లైన్ ట్యూషనైనా ఇదే నియమం. ఇందులో మొహమాటం వద్దు, మంచి టీచర్లు దీనికి నొచ్చుకోరు.

ఇంకో మాట. ఒకే గదిలో ఇరవై మందిని కూర్చోబెట్టి చెబితే అది ఇంకో క్లాసే. క్లాసు బలహీనతలన్నీ అక్కడా ఉంటాయి, ఏడాది ప్రణాళిక, బాధ్యత లాంటి బలాలు మాత్రం ఉండకపోవచ్చు. ఒకరికొకరు పద్ధతి ఖర్చు భరించలేకపోతే ఒకే ఇబ్బంది ఉన్న ముగ్గురు నలుగురు పిల్లల్ని కలిపి చెప్పించడం మంచి మధ్యేమార్గం. "ఒకే ఇబ్బంది ఉన్న" అన్నది ముఖ్యం. ఒకే తరగతిలో ఉంటే చాలదు.

మొదలుపెట్టిన రోజే ఆపే రోజు కూడా మాట్లాడుకోండి. "ఆరు వారాల్లో సున్నాలున్న తీసివేతలు తనంతట తాను చేయాలి" అన్నంత స్పష్టంగా లక్ష్యం ఉండాలి. గడువు వచ్చాక ట్యూషన్ టీచరు లేని సమయంలో, పిల్లవాడు అంతకుముందు చూడని లెక్కలు ఐదిచ్చి మీరు పక్కగదిలోకి వెళ్లండి. నాలుగు చేశాడంటే వారానికి మూడు రోజుల ట్యూషన్‌ను ఒక రోజుకు తగ్గించి, వచ్చే నెలలో మానేయొచ్చు. ఒక్కటీ చేయలేదంటే ఇంకో ఆరు వారాలు పొడిగించే ముందు ఆ ఐదు లెక్కల కాగితం తీసుకుని క్లాస్ టీచరునూ ట్యూషన్ టీచరునూ ఒకరితో ఒకరు ఫోన్లో మాట్లాడుకోమనండి.